లోసారి గోడ మీద మనిషి

ఉజుంగ్ పాండాంగ్,
జూన్, 1989

ప్రియమైన అక్కా,

సలాం. దస్తూరీ చూడగానే ఎవరో నీకు తెలిసిపోయి ఉంటుంది. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్యి. కానీ ముందు ఒక్కసారి అమ్మకు చదివి వినిపించు.

మేం బతికే ఉన్నాం. ఇన్నాళ్లూ కెందారిలో తలదాచుకున్నాం. అక్కడ కమార్ పనిచేసే కలప మిల్లు మూతపడింది. ఇక వేరే దారి లేక మకస్సర్ వచ్చేశాం. సర్కారువాళ్లు దీన్ని ఉజుంగ్ పాండాంగ్ అనమంటారు గానీ నా నోటికి పాత పేరే వస్తుంది.

నువ్వు పెద్దమ్మవయ్యావక్కా. పేరు మెలాతి. రెండేళ్లు నిండాయి. నవ్వితే అచ్చం అన్నయ్యలాగే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట చూసినప్పుడల్లా కమార్ ముఖం తిప్పుకుంటాడు.

లోసారి ఒడ్డున చిన్న తోపుడుబండి పెట్టుకున్నాం. దోరగా పండిన అరటికాయల్ని బొగ్గుల మీద కాల్చి, రెండు చెక్కల మధ్య పెట్టి అణిచి, పైన తాటిబెల్లం పాకం పోసి ఇస్తాం. నువ్వు ఈ ఒడ్డు చూడలేదు కదా! ఇసక ఉండదు, ఉన్నదంతా ఒక పొడుగాటి రాతిగోడే. దాని వెంట బళ్లు, బళ్ల వెంట లాంతర్లు. పొద్దు వాలితే ఊరంతా ఇక్కడే ఉంటుంది. గోడెక్కి కూర్చుని సూర్యుడు మునిగేదాకా సముద్రం వైపు చూస్తారు, మునగగానే ఇటు తిరిగి ఆకలో అంటూ మా మీద పడతారు. పిల్లలు గోడ మీంచి నీళ్లలోకి దూకుతుంటారు. పక్క బండి దాయెంగ్ కాన్నాంగ్ అల్లంపాలు కాస్తూ వచ్చేపోయే వాళ్లందర్నీ తిడుతుంటుంది. ఆ తిట్లు పడటానికే వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

ఇంత జనంలో మమ్మల్ని ఎవరు గుర్తుపడతారు? అదే నా ధైర్యం.

నేను రాస్తున్నట్టు కమార్‌కి తెలియదు. జవాబిస్తే ఈ ఉత్తరం తెచ్చిన హాస్నా చేతికే ఇవ్వు. ఆమె కూరగాయల బస్సు మీద వారం వారం వస్తుంది. అన్నయ్యకు మాత్రం తెలియనివ్వకు.

నీ చెల్లెలు,
జుమ్రా


బొంతోపాలి,
జూన్ చివర

జుమ్రాకి,

ప్రియమైన అని మొదలుపెట్టబోతే చెయ్యి సాగలేదు. ఏమీ అనుకోకు.

ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. వంటింట్లో కూర్చుని విన్నది. మెలాతి పేరు వచ్చినచోట మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. ఇంకోసారి చదవమంది. అప్పుడు లేచి వెళ్లి మొక్కజొన్న దంచడం మొదలుపెట్టింది. దంచడానికి రోట్లో గింజలే లేవు.

నువ్వు ఆ ఉప్పులారీ ఎక్కి వెళ్లిపోయిన నెలలోనే నా పెళ్లి ఆగిపోయిందని నీకు తెలుసా? పెళ్లికొడుకువాళ్లు నాకు కట్టుకోమని తెచ్చిన పట్టు సారొంగ్‌లు వాళ్లే వచ్చి తీసుకెళ్లారు. మర్యాదగానే తీసుకెళ్లారు. అదే ఎక్కువ బాధ పెట్టింది. ఆ తర్వాత మన మెట్లెక్కి వచ్చి అడిగినవాళ్లు లేరు. ఒకప్పుడు నీ మీద చాలా కోపంగా ఉండేది. ఇప్పుడు దాన్ని వెతుక్కుంటే దొరకడం లేదు. పిల్లకు సొట్ట పడుతుందని రాశావే, అక్కడ పోయింది కాబోలు.

కానీ నువ్వు అంత దగ్గరికి ఎందుకు వచ్చావు తల్లీ? మనవాళ్ల పట్టింపు నీకు తెలియంది కాదు. లేచిపోయినవాళ్లు కనబడనంత కాలం మగవాళ్లు ఓర్చుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కళ్లబడితే మాత్రం ప్రాణాలతో వదలకూడదు. వదిలితే వాణ్ని ఊళ్లో మనిషిగా లెక్కపెట్టరు. నాన్న లేడు గనుక ఆ భారం అన్నయ్యది. వాడు ఇష్టపడతాడా లేదా అని ఎవరూ అడగరు.

అన్నయ్య పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాడు. పోయినేడు గుర్రాల సంతలో ఎవడో వాడి గుర్రం మీద ఆడవాళ్ల సారొంగ్ కప్పి పోయాడు. అందరూ నవ్వారట. వాడు ఆ సారొంగ్ మడతపెట్టి జీను మీద ఉంచుకుని, తల దించుకుని ఇంటికొచ్చాడు. ఆరోజు నుంచి మాటలు ఇంకా తగ్గిపోయాయి. నాన్న బాదిక్ కత్తి పైకప్పు ఆకుల్లోనే ఉంది. అప్పుడప్పుడు దించి నూనె రాసి మళ్లీ పెడుతుంటాడు.

లోసారి ఒడ్డు పెద్దదన్నావు. దానిలో ఏ మూల ఉన్నావో నాకు కూడా రాయకు. తెలియకపోతే నా నోరు జారదు.

నీ అక్క,
బులాయెంగ్


ఉజుంగ్ పాండాంగ్,
జూలై

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని బండి వెనక కూర్చుని ఏడ్చాను. కాన్నాంగ్ చూసి "ఏమే, పొగా, మొగుడా?" అంది. పొగే అన్నాను. "మొగుడైతే చెప్పు, నా పాలగిన్నె వేడిగానే ఉంది" అంది. ఏడుస్తూనే నవ్వొచ్చింది.

నీ పెళ్లి సంగతి నాకు తెలియదక్కా. నీ కాళ్లు పట్టుకున్నా తీరేది కాదు. అందుకే దాని గురించి ఇంకేమీ రాయను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. మా బండికి కొంచెం అవతల, గోడ మీద, రోజూ ఒక మనిషి కూర్చుంటున్నాడు. బూడిదరంగు టోపీ, ముదురు చొక్కా. సూర్యాస్తమయం చూడటానికి వచ్చాడనుకున్నాను. అందరూ అటు తిరిగే కూర్చుంటారు కదా. కానీ సూర్యుడు మునిగాక అందరూ ఇటు తిరుగుతారని రాశానే, అతను తిరగడు. చీకట్లో ఏముందని ఆ సముద్రం వైపే చూస్తుంటాడు! ఏమీ కొనడు, ఎవరితో మాట్లాడడు. మేం బండి కట్టేసి బయల్దేరేదాకా ఆ వీపు అక్కడే ఉంటుంది.

ఇన్నాళ్లలో అతని ముఖం నేను చూడలేదు. కాన్నాంగ్ ఆటపట్టిస్తోంది. "ఇంట్లో ఒకణ్ని పెట్టుకుని ఎవడి వీపో చూస్తావేమే?" అని. ఆమెకేం చెప్పను? రద్దీ ఎక్కువై బండి కొంచెం జరిపినప్పుడు, మర్నాడు అతను కూడా జరిగి కూర్చున్నాడు.

మళ్లీ పారిపోదామంటున్నాడు కమార్. నాకు ఓపిక లేదు. మెలాతికి ఈ ఒడ్డు బాగా అలవాటైంది. దాని చేతిలో రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక తినుబండారం పెడతారు. దీన్ని ఎత్తుకుని మళ్లీ ఏ ఊళ్లో, ఏ పేరు చెప్పుకుని బతకాలి?

అమ్మను ఒక్కసారి చూడాలని ఉంది. ఆదివారం సాయంత్రం ఇక్కడ ఇసకేస్తే రాలదు. ఆ జనంలో తల్లీకూతుళ్లు కలిస్తే ఎవరికి తెలుస్తుంది?

నీ
జుమ్రా


బొంతోపాలి,
ఆగస్టు

ప్రియమైన జుమ్రా,

హాస్నా జ్వరంతో మంచంపట్టి నీ ఉత్తరం నిన్నగాని ఇవ్వలేదు. చదవగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

అన్నయ్య ఇంట్లో లేడు. నేను నీకు రాసిన కొద్దిరోజులకే వెళ్లాడు. పట్నంలో కట్టడం పని దొరికిందన్నాడు. ఉప్పుమడుల్లో కోత మొదలయ్యే కాలంలో మడులు వదిలి ఎవడైనా కూలికి పోతాడా? గుర్రాన్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పాడు. వెళ్లేముందు అమ్మ పాదాలు తాకి, చాలాసేపు లేవలేదు. నేను నిచ్చెన వేసుకుని పైకప్పు ఆకుల్లో తడిమి చూశాను.

కత్తి లేదు.

కమార్‌ని ఆ టోపీ మనిషి దగ్గరికి వెళ్లనివ్వకు. నువ్వూ వెళ్లకు.

కానీ ఒక మంచిమాట కూడా ఉంది. సిక్కి చిన్నాన్న వచ్చాడు. నువ్వు వెళ్లాక మన మెట్లు ఎక్కడం అదే మొదలు. ఎండుచేపల కట్ట తెచ్చి అమ్మ ముందు పెట్టి, చాప మీద కూర్చుని, "వదినా, ఎన్నాళ్లని ఈ ఉపవాసం? కడుపున పుట్టిన పిల్ల చచ్చిందని ఎంతకాలం అనుకుంటావు?" అన్నాడు. అమ్మ ఏడ్చింది. చిన్నాన్న కళ్లూ తడిశాయి. ఇమామ్ గారిని మధ్యవర్తిగా పెట్టి రాజీ కుదురుస్తాడట. "కుర్రాడు వచ్చి క్షమాపణ చెబితే చాలు. ముందు నీ కూతుర్ని కళ్లారా చూసుకో. నేనే తీసుకెళ్తాను" అన్నాడు. మీరు పట్నంలో ఉన్నారని లారీవాళ్లు చెప్పగా విన్నాడట. ఎక్కడున్నారో నన్నడిగాడు. తెలియదన్నాను. గుచ్చి అడగలేదు.

అమ్మ ఆ రాత్రి అడిగి అన్నం పెట్టించుకుంది.

అన్నయ్య ఆవేశాన్ని ఆపగలిగేది ఒక్క చిన్నాన్నే. నాన్న తర్వాత వాడు తల ఎత్తకుండా నిలబడేది ఆయన ముందే. అందుకని ఆలోచించి రాస్తున్నాను. ఒడ్డున ఏ చోటో చెప్పు. ఆయన ఒక్కరికే చెప్తాను. అమ్మ పక్కన ఆయన ఉంటే నాకు భయం లేదు.

మళ్లీ హాస్నా వచ్చేలోగా జాగ్రత్తగా ఉండు.

నీ అక్క,
బులాయెంగ్


ఉజుంగ్ పాండాంగ్,
ఆగస్టు చివర

ప్రియమైన అక్కా,

నువ్వు వద్దని రాసేసరికే కమార్ వెళ్లాడు. నేను పాకం కలుపుతుంటే చెయ్యి తుడుచుకుని నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. అతను దగ్గర పడుతుండగానే టోపీ మనిషి గోడ దిగి, జనంలో కలిసిపోయాడు. పరిగెత్తలేదు. వెనక్కి తిరగలేదు.

కమార్ తిరిగొచ్చి బండి చెక్క పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరు?" అన్నాను. "ఆ భుజాలు నాకు తెలుసు. మూడేళ్లుగా కల్లో అవే వస్తున్నాయి" అన్నాడు.

మర్నాడు రాడనుకున్నాం. వచ్చాడు. అదే చోటు.

ఏడేళ్ల పిల్లప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని మడుల గట్ల మీద పరిగెత్తిన మనిషి! ఆ వీపు నేను గుర్తుపట్టలేకపోయాను చూడు. గుర్తుపట్టాక చూడకుండా ఉండలేకపోతున్నాను. అన్నయ్యే అయితే దేనికోసం ఆగాడు? ఇన్ని సాయంత్రాలు పది అడుగుల దూరంలో కూర్చుని ఏం లెక్కచూసుకుంటున్నాడు? నన్ను చూడటం లేదు, చూడలేదు గనుక ఏమీ చెయ్యడం లేదు. తిరిగితే? మెలాతి గోడవైపు పరిగెత్తినప్పుడల్లా చేతిలో పని వదిలేసి వెంటపడుతున్నాను. నిన్న అది వెళ్లి అతని చొక్కా పట్టుకుని లాగింది. అతను కదల్లేదు. చేతిలోని వేరుసెనగ పొట్లం పక్కన పెట్టాడంతే. అది పొట్లం తెచ్చుకుంది. నేను లాక్కుని కాలవలో పారేశాను.

చిన్నాన్న మాట విని నాకు ఊపిరి తిరిగింది. ఆయన వస్తే అన్నయ్య చెయ్యి లేవదు. కమార్ మాత్రం నమ్మడం లేదు. "మీ చిన్నాన్న కొడుక్కి సంబంధం తప్పిపోయింది మనవల్లేనని హాస్నా అంది. మనసు ఎప్పుడు మారింది?" అంటున్నాడు. అతను అందర్నీ అనుమానిస్తాడు.

పెద్దాసుపత్రికి ఎదురుగా, ఎర్ర టార్పాలిన్ వేసిన బండి మాది. వచ్చే ఆదివారం, పొద్దు వాలేముందు. అమ్మకు నా మోచేతి పొడుగు అరటికాయ దాచి ఉంచుతానని చెప్పు.

నీ
జుమ్రా


బొంతోపాలి,
ఆదివారం, మధ్యాహ్నం

జుమ్రా తల్లీ,

ఈ ఉత్తరం ఉప్పులారీ డ్రైవర్ చేతికి ఇస్తున్నాను. సాయంత్రం లోపల ఎట్లాగైనా ఎర్ర టార్పాలిన్ బండి దగ్గర ఇవ్వమని చేతులు జోడించి చెప్పాను. దారిలో సరుకు దించాలంటున్నాడు.

అమ్మ, చిన్నాన్న పొద్దున్నే బస్సెక్కారు. ఇప్పుడే మసీదు దగ్గర ఇమామ్ గారు కనిపించారు. "మీరు వెళ్లలేదా?" అనడిగాను. "ఎక్కడికమ్మా?" అన్నారు. రాజీ మాట ఆయనకు తెలియనే తెలియదు. ఎవరూ ఆయన్ని అడగనే లేదు.

చిన్నాన్న ఇంటికి పరిగెత్తాను. పిన్ని మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లోపలికి పోబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. నిన్న సాయంత్రం ఆయన తలస్నానం చేసి, పెద్దలందరి ఇళ్లకూ వెళ్లి తప్పులుంటే మన్నించమని అడిగి వచ్చాడట. చేతిగడియారం తీసి కొడుక్కి పెట్టాడట. "మన ఇంటికి పౌరుషం లేదన్నవాళ్లు ఇంక అనకుండా చేసొస్తాను" అన్నాడట. "నేనేం చెయ్యగలనే బులాయెంగ్? నాకు ఎవరు చెప్తారు?" అని పిన్ని ఏడ్చింది.

ఆ చోటు ఆయనకు చెప్పింది నేనే.

ఆ ఒడ్డున అటు ఆయన, ఇటు అన్నయ్య. ఉత్తరం అందిన క్షణాన బండి అక్కడే వదిలేసి వెళ్లిపోండి. అమ్మను చూడకపోయినా ఫరవాలేదు. వెళ్లిపో.

అక్క


ఉజుంగ్ పాండాంగ్,
సెప్టెంబర్

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం సోమవారం మధ్యాహ్నం అందింది. ఆ డ్రైవర్‌ని ఏమీ అనకు. బండి దగ్గర ఎవరూ లేకపోతే ఆసుపత్రిలో వెతుక్కుంటూ వచ్చి ఇచ్చాడు.

అమ్మ నీకు ఏమేం చెప్పిందో నాకు తెలియదు. ఆరోజు అమ్మ హాస్నాతో నీకు పంపిన కబురు 'అందరూ బతికే ఉన్నారు' అన్న ఒక్క మాటేనట. జరిగింది నేను రాస్తాను.

ఆ ఆదివారం ఎప్పటికన్నా ఎక్కువ జనం. అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నన్ను చూసి మొదట అన్నమాట, "ఏమే, ఇంత నల్లబడ్డావేం? బొగ్గులు కాలుస్తున్నావా, తింటున్నావా?" ఆ తర్వాత మెలాతిని ఒళ్లో పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుంది. దాని సొట్టలో వేలు పెట్టి చూసింది.

చిన్నాన్న నవ్వుతూ నిలబడ్డాడు. "నాకూ ఒకటి కాల్చవే, పాకం ఎక్కువ పొయ్యి" అన్నాడు. కాల్చి ఇచ్చాను. తినలేదు. గోడ దగ్గర టోపీ మనిషి ఎప్పట్లాగే అటు తిరిగి ఉన్నాడు. నేను చిన్నాన్నకు దగ్గరగా వెళ్లి, "అన్నయ్య అక్కడే ఉన్నాడు, మీరే కాపాడాలి" అన్నాను అక్కా. ఆయన అటు చూశాడు. నవ్వు పోయింది. "ఉన్నాడా? ఉండనీ" అన్నాడు. తర్వాత కొంచెం గట్టిగా, "అల్లుడేడీ? నా దగ్గర సిగ్గేంటి? ఇట్లా రా నాయనా, ముఖం చూడనీ" అన్నాడు.

కమార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అప్పుడే సూర్యుడు మునిగాడు. సాయంత్రపు మగ్రిబ్ నమాజుకు అజాన్ వినబడింది. గోడ మీద వాళ్లందరూ ఒక్కసారిగా ఇటు తిరిగి దిగుతున్నారు. ఆ సందట్లో చిన్నాన్న కుడిచెయ్యి నడుం దగ్గర సారొంగ్ మడతలోకి పోవడం నేను చూశాను. చూసి కూడా అర్థం చేసుకోలేదు. అమ్మ అర్థం చేసుకుంది. "ఏమయ్యా!" అని ఒక్క అరుపు అరిచింది.

మధ్యలోకి ఎవరు వచ్చారో ముందు తెలియలేదు. టోపీ కిందపడింది. అన్నయ్య చిన్నాన్న కత్తిని వట్టి చేత్తో, అలుగు దగ్గర, పట్టుకుని ఉన్నాడు.

"చిన్నాన్నా, నేనుండగా ఈ పని నీది కాదు" అన్నాడు.

"అయితే నువ్వే కానివ్వరా! అదుగో, నీ కళ్లెదురుగానే ఉంది. చూశావుగా!"

అన్నయ్య నావైపు తిరిగాడు. మూడేళ్ల తర్వాత మొదటిసారి నా ముఖం చూశాడు. నేను మెలాతిని కూడా ఎత్తుకోలేదక్కా, అట్లాగే నిలబడ్డాను. కత్తి వాడి నడుంలో కూడా ఉంది, పిడి బయటికి కనిపిస్తూనే ఉంది.

"చూశాను. ఇంతమంది ముందు చూశాను. నా చెల్లెలు. ఏమీ చెయ్యను. ఊరికెళ్లి అందరికీ చెప్పుకో, ఈ మాంగాసైకి పౌరుషం లేదని చెప్పుకో" అన్నాడు.

చిన్నాన్న కత్తి లాక్కున్నాడు. అన్నయ్య వదల్లేదు, అయినా లాక్కున్నాడు. నెత్తురు పాకం గిన్నెలో పడింది. కాన్నాంగ్ మరిగే పాల గరిటె పట్టుకుని చిన్నాన్న మీదికి పోయింది. "దమ్ముంటే ఇటు రారా ముసలోడా!" అని. ఆయన ఆమెను చూడను కూడా లేదు. కత్తి సారొంగ్‌కి తుడిచి, ఒరలో పెట్టి, అన్నయ్య పాదాల ముందు ఉమ్మి, నడిచి వెళ్లిపోయాడు. జనం దారి ఇచ్చారు. ఎవరూ ఆపలేదు.

ఎదురుగా ఆసుపత్రి ఉండబట్టి వెంటనే కుట్లు పడ్డాయి. చెయ్యి ఉంటుంది గానీ రెండు వేళ్లు ఇక ముడవవని డాక్టరు చెప్పాడు. కళ్లెం పట్టుకునే చెయ్యి అది. పోలీసులు వచ్చి అడిగితే కొబ్బరిబోండాం కొడుతుంటే జారిందన్నాడు. వాళ్లూ రాసుకుని వెళ్లారు.

వాడు ఒంటరిగా ఉన్నప్పుడు అడిగాను, ఇన్నాళ్లు ఎందుకట్లా కూర్చున్నావని. నువ్వు నా మొదటి ఉత్తరం అమ్మకు చదువుతున్నప్పుడు వాడు గుంజల మీద లేచిన మన ఇంటికింద గుర్రానికి గడ్డి వేస్తున్నాడట. నేలపలకల సందుల్లోంచి అంతా విన్నాడు. ఆ వారమే చిన్నాన్న మడుల దగ్గర వాణ్ని కలిసి, పిల్ల పట్నంలో ఉందని లారీవాళ్లు చెప్పారు, నువ్వు చెయ్యకపోతే నేను చేస్తానన్నాడట. ఎప్పటికైనా ఆయన ఈ ఒడ్డుకు వస్తాడని తెలిసి వచ్చి కూర్చున్నాడు. కాబట్టి చోటు చెప్పింది నేనేనని నువ్వు కుమిలిపోకు. ఆలస్యమయ్యేదేమో గానీ తప్పేది కాదు.

"మరి ఒక్కసారీ తిరగలేదేం అన్నయ్యా?" అన్నాను.

"తిరిగితే ఏం చేస్తానో నాకే తెలియదే. కత్తి ఊరికే తెచ్చుకోలేదు" అన్నాడు.

మరి తిరిగాక? అనడిగాను. "నీ మెడ నిండా చెమటపొక్కులు. బియ్యప్పిండి రాసుకోవడం ఎప్పుడు నేర్చుకుంటావు?" అన్నాడు.

నీ
జుమ్రా


తకలార్,
అక్టోబర్

ప్రియమైన జుమ్రా,

ఇది తకలార్‌లో, అమ్మ దూరపు చుట్టాల ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. అమ్మా నేనూ ఊరు వదిలేశాం.

పట్నం నుంచి తిరిగొచ్చాక అమ్మ మామూలుగానే ఉంది. ఊరే మామూలుగా లేదు. బావి దగ్గరికి మేం వెళితే మిగతా వాళ్లు బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. మన మడుల ఉప్పు అట్లాగే కుప్పగా పడి ఉంది, కొనేవాళ్లు రాలేదు. ఒక తెల్లవారి చూస్తే అన్నయ్య గుర్రం తోక మొదలంటా కోసి ఉంది. నీ పేరు ఎత్తనివాళ్లు ఇప్పుడు అన్నయ్య పేరు కూడా ఎత్తడం లేదు. వాడు ఊళ్లో అడుగుపెడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను ఏడుస్తుంటే అమ్మ అంది, "నాకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికి ఈ ఊళ్లో చోటు లేదు. ఒకదానికి ఉన్నా ప్రయోజనం లేదు. ఇంకా ఎవరికోసమే ఈ ఇల్లు?" మర్నాడే సామాను కట్టింది. గుర్రాన్ని ఇమామ్ గారి ఇంట్లో వదిలాం. ఆయన ఒక్కరే సాగనంపడానికి వచ్చారు.

బండి ఊరి పొలిమేర దాటుతుంటే చిన్నాన్న దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. అమ్మ బండి దిగి ఆయన ఎదుటికి వెళ్లింది. నేను వెనకాలే దిగాను.

"ఎక్కడికి వదినా? అన్న ఇల్లు పాడుబెట్టి పోతావా?" అన్నాడు. గొంతు పెద్దగా లేదు.

"నీ అన్న కొడుకు చెయ్యి కోసినప్పుడు ఈ ఇల్లు గుర్తు రాలేదా?" అంది అమ్మ. "నా పెళ్లికి ముందే, నువ్వు పసివాడిగా ఉన్నప్పుడు, నిన్ను నేనే ఎత్తుకుని తిప్పాను. నీకు మొదటి అన్నం ముద్ద పెట్టిన చెయ్యి ఇది. కావాలంటే దీన్నీ కొయ్యి. లేకపోతే పక్కకు జరుగు."

ఆయన జరగలేదు. కొయ్యనూ లేదు. అమ్మ వచ్చి బండెక్కింది. తోలేవాడు ఒక చక్రం ఉప్పుమడిలోకి దించి, ఆయన పక్కనుంచి తోలాడు. మడిలో బురద ఆయన సారొంగ్ మీద పడింది. ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఇంతవరకూ అయితే ఈ ఉత్తరం సంతోషంగా ముగించేదాన్ని. కానీ మేం ఎక్కిన బస్సు వెనక ఒక మోటారు సైకిలు తకలార్ దాకా వచ్చింది. మేం ఈ ఇంట్లోకి రాగానే ఎదురుగా ఆగింది. చిన్నాన్న పెద్దకొడుకు. వాడి మణికట్టుకు ఆ గడియారం ఉంది. మమ్మల్ని పలకరించలేదు. ఇంటివైపు చూసి, నీళ్లు తాగి, పట్నం దారి పట్టి వెళ్లాడు.

అందుకని చెప్పినట్టు విను. ఆ ఒడ్డుకు ఇక వెళ్లకు. బండి కాన్నాంగ్‌కి ఇచ్చెయ్యి. మేం లోసారి రావడం లేదు. చూడాలని చాలా ఉండేది, పోనీలే. గురువారం పొద్దున బాలిక్‌పాపన్ వెళ్లే ఓడ ఉందట. అమ్మ మేనత్త మనవడు అక్కడ నూనె బావుల్లో పనిచేస్తాడు, కమార్‌కి పని చూపిస్తానన్నాడు. అన్నయ్యను ఒప్పించు. రానంటాడు. చెయ్యి పనికిరాదు, బరువవుతాను అంటాడు. అమ్మ ఆజ్ఞ అని చెప్పు.

మీరు నలుగురూ ముందు గేటులోంచి ఎక్కండి. మేం సామాన్ల వైపునుంచి ఎక్కుతాం. ఓడరేవులో ఎవరి కళ్లు ఎక్కడుంటాయో తెలియదు. నన్ను చూసి చెయ్యి ఊపకు, పరిగెత్తుకు రాకు. అమ్మకు కూడా గట్టిగా చెప్పాను, మెలాతి ఎదురుపడినా ఎత్తుకోవద్దని. సరేనంది గానీ, నాకు నమ్మకం లేదు.

ఓడ కదిలి, ఒడ్డు బాగా దూరమయ్యాక, నేనే వెతుక్కుంటూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను. అప్పటిదాకా నువ్వెవరో, నేనెవరో.

నీ అక్క,
బులాయెంగ్